సికిందరాబాదు కంప్యూటర్ల బజారు

తెలుగునాట నొక్కొక్క వస్తువునకు నొక్కొక్క చోటు పేరుపడియున్నది. పట్టుచీర యనగానే పోచంపల్లియు గద్వాలయు జ్ఞప్తికి వచ్చును. ఇత్తడి నగిషీ యనగా పెంబర్తి, గాజులనగా చార్మినారు చెంతనున్న లాడుబజారు, ముత్యములనగా పత్తరుగట్టి. ఈ చోట్లకు బోవు త్రోవయు, అచట సరకును పరీక్షించు విధమును, బేరమాడు నేర్పును మన యిండ్లలో తల్లులవలన కూతుండ్రును, అత్తలవలన కోడండ్రును నేర్చుకొనుచునే వచ్చుచున్నారు. చీర చెఱగు త్రిప్పి వెనుకవైపు చూడక కొను స్త్రీ మనలో అరుదు. అట్టి మనమే, కంప్యూటరు కొనవలసి వచ్చినప్పుడు మాత్రము, సొమ్ము మగవారి చేతికిచ్చి, వారేది తెచ్చిన నదియే చాలునని యూరకుందుము. ఆ వస్తువునకును ఒక బజారు కలదు. దానికిని త్రిప్పి చూడవలసిన వెనుకవైపు కలదు. 2025వ సంవత్సరము జూన్ మాసమున మేము సికిందరాబాదు పార్కులేనులో రెండు దినములు తిరిగి, మాకు కావలసినట్లు అమర్పించుకొని, ఒక గేమింగు ల్యాప్‌టాప్ కొని తెచ్చితిమి. ఆ సంగతులు సోదరీమణుల కక్కఱకు వచ్చునని తలంచి యిందు వ్రాయుచున్నాము.

బడిపంతులుగారి యింట ఆటలయంత్రమెందులకని చదువరులలో కొందఱు నవ్వుకొనవచ్చును. కారణము మా యాడుబిడ్డ చదువు. ఆమె హైదరాబాదులో నొక కళాశాలయందు యానిమేషను, అనగా బొమ్మలకు చలనము కల్పించు విద్యను, అభ్యసించుచున్నది. ఇది కాగితముపై గీయు చిత్రలేఖనము వంటిది కాదు. కంప్యూటరులోనే మట్టిముద్దనువలె బొమ్మను మలచి, లోపల ఎముకల నమర్చి, ఎండ యేవైపునుండి పడవలయునో, నీడ యెంత దూరము సాగవలయునో నిర్ణయించిన పిదప, యంత్రము ఒక్కొక్క చిత్రమును లెక్కగట్టి రచించును. తెరపై ఒక సెకను కాలము బొమ్మ కదలుటకు 24 చిత్రములు కావలయును. పది సెకన్లకు 240 చిత్రములు. ఒక్కొక్క చిత్రమునకు రెండు నిమిషములు పట్టెనా, ఆ పది సెకన్ల కథకే ఎనిమిది గంటలు కావలయును. కళాశాలలో ఇద్దఱు విద్యార్థులకొక యంత్రము. సాయంకాలము అయిదు గంటలకు గది మూయుదురు. రెండవ సంవత్సరమంతయు మా యాడుబిడ్డ పనులు సగము సగముగనే నిలిచిపోయినవి. మూడవ సంవత్సరమునకు సొంతయంత్రము లేనిదే సాగదని ఆమె సెలవులలో వచ్చి చెప్పెను.

దానికి లక్ష రూపాయలకు పైగా కావలయును. ఇంట నున్న సొమ్మెల్ల మా యత్తగారు మూడేండ్లుగా చిట్టీ కట్టి కూడబెట్టినదియే. అది కూతురి పెండ్లికి గొలుసు చేయించుటకై యుంచిన మొత్తము. తులము బంగారము వెల లక్ష రూపాయల చెంత కెక్కియున్న దినములవి. అనగా, మా యింట ప్రశ్న సూటిగా నిట్లుండెను: తులము బంగారమా, ఒక ల్యాప్‌టాపా?

అత్తగారు కోపగింపలేదు, న్యాయమే యడిగిరి. “బంగారమైతే ఆపదలో ఆదుకుంటుంది. ఈ పెట్టె అయిదేళ్లకు తుక్కు. దీన్ని తాకట్టు పట్టుకొనేవారెవరమ్మా?” అనిరి. ఈ మాటకు మాలో నెవ్వరమును వెంటనే బదులు చెప్పజాలకపోతిమి. రెండు దినములు కడచిన పిదప వారే మమ్ము పిలిచి, రెండు షరతులు పెట్టి సొమ్మిచ్చిరి. మొదటిది, లక్షాపదివేలకు పైసా మించరాదు. రెండవది, “ఆటకు కాదు, అది అన్నం పెట్టాలి.” ఈ రెండు షరతులను కొంగున ముడివేసికొని బయలుదేఱితిమి.

ఇక ఆటలకొఱకు చేసిన యంత్రము చదువుకేల యనగా, రెంటి పనియు నొక్కటియే గనుక. ఆట ఆడునప్పుడు తెరపై కనబడు కొండలు, చెట్లు, గుఱ్ఱములు ముందుగా గీసి యుంచిన పటములు కావు. ఆడువాడు తల త్రిప్పినకొలదియు యంత్రము వానిని సెకనుకు 60 మాఱులో, అంతకు మించియో, క్రొత్తగా రచించుచుండును. ఒక్కొక్క చిత్రమునకు సెకనులో అరువదవవంతు కన్న ఎక్కువ వ్యవధి యుండదు. ఈ పనికై ప్రాసెసరుతో పాటు గ్రాఫిక్సు కార్డను మఱియొక మేధ కావలయును. ప్రాసెసరు ఒక విద్వాంసుని వంటిది. కఠినమైన లెక్కల నొకదానివెంట నొకటి సాధించును. గ్రాఫిక్సు కార్డు పెండ్లి వంటశాల వంటిది. ఒక్కొక్కరు చేయు పని చిన్నదేయైనను వేలమంది ఒక్కమాఱే చేయుదురు. మేము కొనిన ఆర్‌టీఎక్స్ 4060 అను కార్డులో నట్టి చిన్నపనివారు 3072 మంది కలరు. ఆటలోని వెలుగునీడలను లెక్కించు ఆ సేనయే యానిమేషనులోని వెలుగునీడలను లెక్కించును.

ఖమ్మములో వేకువ బండి యెక్కితిమి. మా వారు, ఆడుబిడ్డ, పదేండ్ల మా కుమారుడు, మేము, మొత్తము నలుగురము. డోర్నకలు, మానుకోట, ఓరుగల్లు, కాజీపేట దాటి బండి జనగామ చేరుసరికి ఎండ యెక్కినది. పోతనామాత్యుని బమ్మెర యీ జిల్లాలోనిదే. ఇందాక చెప్పిన ఇత్తడి పెంబర్తియు నీ త్రోవలోనిదే. భువనగిరి కడ కిటికీనుండి చూడ, ఒకే రాయిగా నున్న ఆ కొండ నిగనిగ మెఱయుచుండెను. చాళుక్యరాజగు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర త్రిభువనగిరి యనబడిన దుర్గమే కాలక్రమమున భువనగిరియైనది. మా వారు కుమారునికి ఆ కథ చెప్పుచుండగా, ఆడుబిడ్డ చీటీపై ఏదో వ్రాసికొనుచుండెను. చూచితిమి గదా, అది బజారులో నడుగవలసిన ప్రశ్నల పట్టిక. పదునొకండు ప్రశ్నలు. సంతకు బోవు ముందు మన మమ్మమ్మలు సరుకుల చీటీ వ్రాయించుకొనినట్లే!

సికిందరాబాదు 1806లో నిజాము సికందరు జా పేర వెలసిన ఊరు. దాని రైలుస్టేషను 1874 నాటిది. స్టేషను వెలుపల నడచి సికిందరాబాదు ఈస్టు అను మెట్రోస్టేషనుకు బోయి బండి యెక్కితిమి. ఈ మెట్రో 2017 నవంబరులో ప్రారంభమైనది. పరేడు గ్రౌండు దాటిన వెంటనే వచ్చు ప్యారడైజు స్టేషనులో దిగవలయును. 1953లో చిన్న క్యాంటీనుగా మొదలై బిరియానీకి పేరుపొందిన హోటలు ఈ కూడలియందే కలదు. అచటికి చేరువనున్న వీథియే పార్కులేను. ఆ వీథికి గుండెకాయ చినాయి ట్రేడు సెంటరు. చినాయి యనునది పార్సీల యింటిపేరు. వారు సికిందరాబాదున చిరకాలమునుండి వర్ధిల్లిన వ్యాపారులు. జనులందఱును ఆ భవనమును సీటీసీ యని పొడియక్షరములతోనే పిలుతురు. ఆటోవానికి అంతమాత్రము చెప్పిన చాలును.

వెలుపలినుండి చూచువారికి ఆ భవనమున విశేషమేమియు కనబడదు. లోపల బ్రవేశించితిమా, అంతస్తు వెంట అంతస్తుగా దుకాణములే. నడవలు సన్నములు, ఎదురుగా అట్టపెట్టెలు భుజములపై మోయువారు వచ్చుచుండ ప్రక్కకు ఒదిగి నిలువవలయును. ఒక దుకాణమున కీబోర్డులు తప్ప మఱేమియు నుండవు. ఒకచోట తెరలు మాత్రమే. మఱియొకచోట రంగురంగుల దీపములు వెలుగు ఫ్యానులు. ఇంకొకచోట కళ్లజోడు పెట్టుకొనిన యువకుడు విప్పిన ల్యాప్‌టాప్ ముందుంచుకొని కంసాలివలె తలవంచి, సన్నని మొన గల సాధనముతో అతుకు వేయుచుండెను. ఆ వాసనయు, ఆ తలవంపును చూడగానే మా యూరి కంసాలివీథి జ్ఞప్తికి వచ్చినది. తెలుగు, ఉర్దూ, హిందీ మూడును ఒకే వాక్యమున కలిసిపోవుచుండును. మేము పోయిన నాడు కొనవచ్చినవారిలో స్త్రీలు పదిమందిలో నొకరైనను లేరు.

కావలసినట్లు యంత్రమును కట్టించుకొనుట యనునది పాశ్చాత్యదేశములలో పెద్ద వాణిజ్యమైనది. 1996లో అమెరికాలోని మియామీ నగరమున మొదలైన ఏలియన్‌వేర్ అను సంస్థ ఆటలకొఱకు కోరిన రీతిని యంత్రములను కూర్చి యిచ్చి పేరొందినది. 2006లో డెల్ సంస్థ దానిని కొనెను. తైవాను దేశపు క్లీవో అను సంస్థ డొల్లపెట్టెలు, అనగా మెమరీయు నిల్వయు లేని ల్యాప్‌టాపులను చేసి పంపగా, చిన్న వర్తకులు వానిలో తమ కొనుగోలుదారులు కోరిన భాగములనమర్చి తమ పేర అమ్ముదురు. మన పార్కులేనులో బల్లపై నుంచు కంప్యూటరైనచో ప్రతిభాగమును ఏఱికొని కట్టించుకొనవచ్చును. ల్యాప్‌టాపునకు అంత స్వేచ్ఛ లేదు. ఏది మన చేతిలో నున్నది, ఏది లేదు అను విచక్షణయే యిందు ముఖ్యము.

దీనిని సోదరీమణులు చక్కగా గమనింపగోరెదము. ల్యాప్‌టాపులోని భాగములు రెండు తెగలు. కొన్ని సహజములు, కొన్ని ఆర్జితములు. ప్రాసెసరును, గ్రాఫిక్సు కార్డును, తెరయు, వేడిని వెలికిద్రోయు రాగిగొట్టములును, ఫ్యానులును సహజములు. మొదటి రెండును పలకకు అతికియే యుండును. తరువాత మార్చుకొందమన్న సాధ్యము కాదు. మెమరీయు, నిల్వచేయు ఎస్సెస్డీయు ఆర్జితములు. చాలయంత్రములలో వెనుకమూత విప్పి పెంచుకొనవచ్చును. కొన్ని పలుచని యంత్రములలో మెమరీని సయితము పలకకే అతుకుచున్నారు గనుక, “మెమరీ స్లాట్లు ఎన్ని?” అని ముందుగా నడుగవలయును. కావున సొమ్ము మితముగా నున్నప్పుడు, పిదప మార్చుకొనజాలని వానికి మొదట వెచ్చింపవలయును. మార్చుకొనదగినవి నిదానముగా చేర్చుకొనవచ్చును. వర్తకులలో కొందఱు దీనికి తలక్రిందుగా చెప్పుదురు. నిల్వ ఎక్కువ, మెమరీ ఎక్కువ యని చూపి, బలహీనమైన కార్డు గల యంత్రమును అంటగట్టజూతురు.

మొదటి దుకాణములో నడచిన ముచ్చట యిది. యజమాని పీటలు వేసి, నీళ్లిచ్చి, మా వారివంకనే చూచుచు యంత్రమును వర్ణింపసాగెను. ఆడుబిడ్డ ప్రశ్న వేసిన, జవాబు మా వారికి చెప్పును. మేమడిగిన, జవాబు మా వారికే. మూడవమాఱు మా వారు చేతిసంచి ఒడిలో పెట్టుకొని, “బాబూ, నేను లెక్కల మాస్టరును. ఈ లెక్క నాకు రాదు. అడిగే అమ్మాయికే చెప్పండి,” అనిరి. అతడు నొచ్చుకొనక, కుర్చీ ఇటు త్రిప్పుకొనెను.

అతడు చూపిన ల్యాప్‌టాప్ సన్నము, అందము, తేలిక. వెల 99 వేలు. కార్డు ఆర్‌టీఎక్స్ 4060 యే. ఆడుబిడ్డ తన పట్టికలోని మూడవ ప్రశ్న వేసెను: “ఈ కార్డుకు ఎన్ని వాట్లు ఇస్తారు?” అతడు, “పేరు అదే మేడమ్, పని అదే,” అనెను. అది సరికాదు. ఈ ల్యాప్‌టాప్ కార్డును 35 వాట్లు మొదలు 115 వాట్ల వఱకు, ఎంత శక్తితోనైనను నడపునట్లు అమర్చుటకు తయారీదారులకు వీలున్నది. ఒకే పేరు గల ఎద్దులు రెండున్నను, ఒకదానికి కడుపునిండ మేతయు, ఒకదానికి సగము మేతయు వేసిన రెండును ఒకే సాలు దున్నునా? వేడిని తట్టుకొను చోటు లేనందున సన్నని పెట్టెలలో తక్కువ శక్తినే యిత్తురు. ఫోనులో తయారీదారుని వివరములు వెదకి చూడగా ఆ యంత్రమునకు 65 వాట్లని తేలినది. నమస్కరించి లేచితిమి.

పై యంతస్తులో మఱియొక దుకాణమున, ముప్పదియేండ్ల వర్తకుడొకడు ఆ చీటీని తీసికొని, పెన్నుతో ఒక్కొక్కదానికెదుట జవాబు వ్రాసి యిచ్చెను. అతడు చూపిన యంత్రము లావైనది, బరువు రెండున్నఱ కిలోలకు దగ్గఱ, అందము సామాన్యము. కార్డునకు 115 వాట్లు. మెమరీకి రెండు స్లాట్లు, ఎస్సెస్డీకి రెండు స్లాట్లు. తెర సెకనుకు 144 మాఱులు చిత్రమును మార్చగలదు. అంతకన్న ముఖ్యమైన గుణము ఆ తెరయొక్క రంగులు. అగ్గువ తెరలు 45 శాతము ఎన్‌టీఎస్‌సీ అను లెక్కవి; కంప్యూటరులో వాడుకనున్న రంగుల మొత్తమున అవి సుమారు 60 శాతమునే చూపును. వానిపై పసుపు వన్నె వెలవెలబోవును, కుంకుమ యిటుకరంగగును. రంగులతో జీవింపదలచినవారు 100 శాతము ఎస్‌ఆర్‌జీబీ అని వ్రాసియున్న తెరనే కొనవలయును. రెండు తెరలపై ఒకే పట్టుచీర పటమును ప్రక్కప్రక్కన పెట్టించి చూచితిమి. ఈ పరీక్షలో మాత్రము మా కన్ను ఆడుబిడ్డ కన్నుకన్న ముందే తేల్చెను!

ఆ యంత్రము 96,500 రూపాయలు. అందు 8 జీబీ మెమరీ ముక్క యొకటియు, 512 జీబీ ఎస్సెస్డీయు నుండెను. మెమరీని ఒకే ముక్కగా గాక రెండు సమానమైన ముక్కలుగా వేసిన, యంత్రము రెండు చేతులతో అందుకొనినట్లు పని వేగముగా జరుగును. కావున పాతముక్కను తీయించి 16 జీబీ ముక్కలు రెండు వేయించితిమి. ఖాళీగానున్న రెండవ స్లాటులో 1 టీబీ ఎస్సెస్డీ పెట్టించితిమి. మెమరీకి 7,800, ఎస్సెస్డీకి 5,600, పాతముక్కకు తగ్గించినది 1,000. అంతయు కూడి 1,08,900 రూపాయలు. అత్తగారి హద్దునకు 1,100 మిగిలినవి. ఈ మెమరీ వెలలు బంగారము వెలలవలె చంచలములు. 2025 చివరనుండి అవి మిక్కిలి పెరిగినవి. కృత్రిమమేధకై కట్టు పెద్ద గణనశాలలకు మెమరీ గిరాకి హెచ్చుటయే దానికి కారణము. ఇప్పుడు కొనబోవువారు పాతవెలలను నమ్మక, ఆ నాటి ధర ఆనాడే యడుగవలయును.

భాగముల నమర్చుట మఱునాటికి నిలిచినది. ఆ రాత్రి మల్కాజిగిరిలో మా పినతల్లిగారి యింట బసచేసి, ఉదయమున మరల పోయితిమి. మా యెదుటనే మూత విప్పించితిమి. లోపల రాగిగొట్టములు ప్రాసెసరుమీదనుండి ఫ్యానుల వఱకు వంపులు తిరిగి యుండెను. ఆ గొట్టములలో నున్న కొద్దిపాటి ద్రవము వేడికి ఆవిరియై అవతలికొనకు బోయి, అచట చల్లబడి మరల వెనుకకు చేరును. మన యిడ్లీపాత్ర మూతపై నావిరి నీరై జాఱుట వంటిదే యీ విద్య. మూత విప్పిన హామీ చెల్లదందురేమోనని ముందే యడిగి, చెల్లునని బిల్లుపైననే వ్రాయించుకొంటిమి. తరువాత అరగంట సేపు బరువైన ఆట నొకదానిని నడిపించి, వేడి యెంత యెక్కునో, ఫ్యానుల చప్పుడెట్లుండునో చూచితిమి. మా కుమారుడీ పరీక్షాధికారపదవిని మిక్కిలి గాంభీర్యముతో నిర్వహించెను.

కొనునప్పుడు మఱవరాని మఱి కొన్ని సంగతులు. పెట్టెపై నున్న సీరియలు సంఖ్యయు, యంత్రము అడుగున నున్న సంఖ్యయు, బిల్లుపైని సంఖ్యయు మూడును ఒక్కటియై యుండవలయును. బిల్లు 18 శాతము జీఎస్టీతో కూడినదిగా తీసికొనుడు. బిల్లు లేకుండ తగ్గింతుమను వారి మాట వినిన, రేపు మరమ్మతునాడు అడుగుటకు ఆధారముండదు. కొత్త ఎస్సెస్డీ 1 టీబీ యని చెప్పినను తెరపై 931 జీబీయే కనబడును. అది మోసము కాదు. చేయువారు వేయింటిని వేయిగానే లెక్కింతురు, కంప్యూటరు వేయింటిని 1024గా లెక్కించును. మన పెద్దలనాటి కచ్చాసేరు, పక్కాసేరుల భేదమే యిదియును. విదేశములకు బోవు పిల్లలకు కొనువారు బ్యాటరీ 100 వాట్-గంటలకు మించకుండునట్లు చూచుకొనవలయును. విమానములలో నంతవఱకే స్వేచ్ఛగా వెంట గొనిపోనిత్తురు.

ఇక యింట వాడుకను గూర్చి. ల్యాప్‌టాప్ అను మాటకు ఒడిలో నుంచుకొనునది యని యర్థము. ఈ జాతి యంత్రమును మాత్రము ఒడిలో నెన్నడును పెట్టుకొనరాదు! నిండుబలముతో పని చేయునప్పుడు లోపలి ప్రాసెసరు వేడి 90 డిగ్రీలను దాటును. నీరు మరుగు వేడికి మిక్కిలి చేరువ. ఆ వేడి మఱింత హెచ్చిన యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. పఱుపుమీదను, దిండుమీదను పెట్టిన అడుగునున్న గాలిరంధ్రములు మూసికొనిపోవును. మేము మా యింటి పాత వ్యాసపీఠమును దీనికిచ్చితిమి. నాలుగు మూలలు తప్ప అడుగంతయు తెఱపిగానుండుటచే గాలి చక్కగా నాడును. భాగవతము మోసిన పీఠము కంప్యూటరు మోయుచున్నదని మా వారు పరిహాసమాడుచుందురు. ఫ్యానుల హోరు పిండిమర దూరమున తిరుగుచున్నట్లుండును. చదువుకొను పిల్లలున్న గదిలో పనికిరాదు. రంధ్రములలో చేరిన దుమ్మును మాసమునకొకమాఱు మెత్తని కుంచెతో దులుపవలయును.

కరెంటు సంగతి యడుగని యిల్లాలు లేదు గదా! దీని అడాప్టరు 230 వాట్లది. నిండుబలముతో నాలుగు గంటలు నడిచిన 920 వాట్-గంటలు, అనగా ఒక యూనిటునకు కొంచెము లోపే యగును. కరెంటు పోయినప్పుడు బ్యాటరీపై నడుచునుగాని, సగము బలముతోనే. బరువుపనిలో గంటకు మించి నిలుచునని ఆశింపరాదు. ఎల్లప్పుడును తీగకు తగిలించియుంచువారు బ్యాటరీ 80 శాతము దగ్గఱ నిలుచునట్లు అమర్చుకొనిన దాని ఆయుర్దాయము పెరుగును. ఈ సదుపాయము నేడు పెక్కు యంత్రములలో కలదు.

ఆడుబిడ్డ వాడు సాఫ్ట్‌వేరు బ్లెండరు అనునది. దానికి వెల లేదు. 2002లో దాని మూలలిఖితమును సర్వజనులకు విడుదల చేయించుటకై లక్ష యూరోలు కావలసిరాగా, దానిని వాడువారే చందాలు వేసికొని ఆ మొత్తమును సమకూర్చిరి. అట్లు లోకమునకు దక్కిన యా సాధనముతోనే లాత్వియా దేశపువారు తీసిన “ఫ్లో” అను చిత్రమునకు 2025 మార్చిలో ఆస్కారు బహుమతి వచ్చినది. మన తెలుగునందును ఈ విద్యకు గౌరవము లేకపోలేదు. 2012లో వచ్చిన “ఈగ” చిత్రమునకు హైదరాబాదులోని మకుట సంస్థవారు చేసిన పనికి జాతీయపురస్కారము లభించినది. ఈ సంగతులు అత్తగారికి చెప్పితిమి. “ఆ ఈగను నేనూ చూశాను. నిజం ఈగే అనుకొన్నాను,” అని వారు సంతోషించిరి.

కళాశాలలో చిత్రమొకటికి రెండు నిమిషములు పట్టినపని యిప్పుడు ఇరువది సెకన్లలో ముగియుచున్నది. 240 చిత్రములకు ఎనిమిది గంటలు కాదు, గంటా ఇరువది నిమిషములు. సెలవులు ముగిసి ఆడుబిడ్డ యంత్రముతో హాస్టలుకు బోయినది. పండుగలకు వచ్చునప్పుడు వెంట తెచ్చును. ఆ దినములలో మా కుమారునికి సాయంకాలమొక గంట ఆట ఆడ సెలవు. అత్తగారు వాని ప్రక్కన కూర్చుండి, ఆటలోని యడవిలో చెట్లు గాలికి కదలుట, ఏటిలో ఆకాశము నీడపడుట చూచుచుందురు. వాడు శత్రువుల వెంటబడ పరుగెత్తబోవగా, “ఆగరా, ఆ వాగు దగ్గర కాసేపు నిలబెట్టు,” అందురు. ఆట ఓడిపోవుచున్నను వాడు నిలబెట్టును.

డిసెంబరు మాసమున ఆడుబిడ్డ ఒక వస్త్రదుకాణమువారికి ముప్పది సెకన్ల ప్రకటన చేసి యిచ్చి, పదునాలుగు వేల రూపాయలు సంపాదించినది. తెచ్చి తల్లిచేతిలో పెట్టెను. బంగారము వెల జూన్ నాటికన్న మఱింత పెరిగిపోయినదని అత్తగారికి తెలియును. ప్రతి శుక్రవారము పత్రికలో చూచి మాకు చదివి వినిపింతురు గూడ. గొలుసు ఇంకను కొనలేదు. ఆ లెక్క వారు మఱవలేదు, మేమును మఱవలేదు. ఆ దినమున మాత్రము వారు నోట్లు లెక్కపెట్టి, నాలుగు వేలు కూతురికి తిరిగి యిచ్చి, తక్కిన పదివేలు చిట్టీపుస్తకములో పెట్టిరి. “గొలుసు ఎప్పుడైనా కొనవచ్చు. మూడో సంవత్సరం మళ్లీ రాదు,” అనిరి. పార్కులేనులో రెండు దినములు తిరిగి మేము నేర్చికొనిన న్యాయమును వారు యింటనుండియే యెఱిగియుండిరి.

సోదరీమణులు తమ యింటి బాలికకో బాలునికో ఇట్టి యంత్రము కొనదలచినచో, వెంట తామును బయలుదేఱుదురుగాక. ప్రశ్నల చీటీ వ్రాసికొని, దానిని కొనుచున్న పిల్ల చేతనే యడిగించుడు. వేడియు, బరువును, రంగును, బిల్లును పరీక్షించు కన్ను మనకు పుట్టుకతో నున్నదే. చీరల దుకాణములో దానిని విడిచి రావలసిన పని లేదు.